గుర్రపుడెక్క పువ్వు విమానం

పాపాయి ఆ పువ్వును మొదటిసారి అల్లి చూపించినప్పుడు లేసు ఏజెంటు పగలబడి నవ్వాడట. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లని ఆడమనిషి అరుదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగుల మీద చేరి, కొక్కెం సూదీ దారపుండా ఒళ్లో పెట్టుకుని గులాబీలు, ద్రాక్షగుత్తులు, అనాసపళ్లు అల్లుతారు. అవన్నీ పైదేశాల పుస్తకాల్లోంచి దిగిన నమూనాలు. పాపాయి మాత్రం వాటిని పక్కనపెట్టి, ఇంటి ముందు కాలవలో తేలే గుర్రపుడెక్కను అల్లింది. నీళ్లు పారనివ్వకుండా అడ్డం పడి, ఏటా మనుషుల్ని పెట్టి పీకించి గట్టున పోయించే పిచ్చిమొక్క అది.

“దీన్నెవరు కొంటారమ్మా, కలుపుమొక్కని?” అన్నాడట ఏజెంటు.

“కలుపైతే మాత్రం పువ్వు కాకుండా పోతదా అండి? పైరేకు మీద నెమలికన్ను లాంటి మచ్చ ఉంటది. ఎప్పుడైనా వంగి చూశారా?” అందట పాపాయి.

ఆయన చూడలేదు. అయినా అల్లిక ముచ్చటగా ఉందని తీసుకెళ్లాడు.

వీరవేణి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన వారం లోపలే ఈ కథ విన్నది. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నదో చెప్పలేదు. పువ్వు అల్లడం కూడా అత్త పక్కన కూర్చునే నేర్చుకుంది. చత్వారం ముదిరి, అద్దాలు పెట్టినా పాపాయికి చేతిలోని దారం కనపడటం మానేశాక, ఆ ఊళ్లో గుర్రపుడెక్క పువ్వు అల్లగలిగింది వీరవేణి ఒక్కతే అయింది. పాపాయికి డెబ్బై రెండు, వీరవేణికి నలభై. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. వీరవేణి భర్త, అంటే పాపాయి ఒక్కగానొక్క కొడుకు, తొంభై ఆరు తుఫానులో పోయాడు. కొబ్బరి దింపుకి కోనసీమ వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. దినాలయ్యాక వీరవేణిని తీసుకెళ్లడానికి పుట్టింటివాళ్లు బండి కట్టుకొచ్చారు. పాపాయి గుమ్మంలో నిలబడి, “వెళ్తావా?” అని మాత్రం అడిగింది. వీరవేణి లోపలికెళ్లి పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టింది. ఆ తర్వాత దాని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

రెండువేల ఆరులో, వరి పొట్ట మీదున్న రోజుల్లో, శ్రీసుధ అనే అమ్మాయి వాళ్లింటికి వచ్చింది. ముప్ఫై లోపు వయసు, భుజాన గుడ్డసంచీ, చేతిలో పెద్ద డ్రాయింగు పుస్తకం. అమలాపురం దగ్గర పుట్టి హైదరాబాదులో బొమ్మలు వేసుకుంటూ స్థిరపడిన పిల్ల. ఊరూరూ తిరిగి లేసు పని చూస్తున్నానని, నీళ్లు కావాలని అడిగింది. వీరవేణి కూజాలోంచి వంచి ఇవ్వబోతే, గ్లాసు అందుకోవడం మరిచిపోయి కూజాకేసి చూస్తూ ఉండిపోయింది.

ఆ కూజాకి పాపాయి ఎప్పుడో అల్లిన తొడుగు ఉంది. లావాటి పొట్ట నుంచి సన్నటి మెడ దాకా, ఎక్కడా ముడత లేకుండా, ఒంటికి కుట్టించిన రవికలా పట్టిన తొడుగు. దాని నిండా గుర్రపుడెక్క పువ్వులు.

“ఇది ఏం పువ్వండీ?” అంది శ్రీసుధ.

“మీ వెనకాల కాలవలో ఉంది చూడండి,” అంది వీరవేణి.

శ్రీసుధ వెళ్లి గట్టున వంగి చూసింది. చెప్పులు తడిసినా పట్టించుకోలేదు. తిరిగొచ్చి అరుగు మీద చతికిలబడి, తానెందుకు తిరుగుతోందో అప్పుడు చెప్పింది. చిన్న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కంపెనీ ఒకటి కొత్తగా పెట్టారు. వాళ్లకు అయిదు విమానాలున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో ప్రాంతపు కళాకారుల చేత బొమ్మ వేయిస్తున్నారు. రాజమండ్రి వచ్చే విమానం శ్రీసుధకు ఇచ్చారు.

“విమానం మీద బొమ్మా? రిక్షా వెనకాల వేసినట్టా?” అంది పాపాయి లోపల్నుంచి.

“అలాగేనండి. కాకపోతే ముక్కు నుంచి తోక దాకా వెయ్యాలి. రెండు నెలల్నుంచి తిరుగుతున్నాను. పడవలు వేశాను, కొబ్బరిచెట్లు వేశాను, మామిడిపిందెలు వేశాను. ఏదీ నాకే నచ్చలేదు. ఇది ఇస్తారా?”

పాపాయి చేత్తో గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. మోకాళ్ల నొప్పులు ఆవిడకి. వచ్చిన పిల్ల మొహాన్ని కాస్త వెనక్కి జరిగి, దూరం నుంచి పరకాయించి చూసింది. దగ్గరైతే ఆనదు.

“ఇవ్వడానికేముందమ్మా, పువ్వు కాలవది. కానీ ఒక్క మాట. గుర్రపుడెక్కని గుర్రపుడెక్కనే అనాలి. ఇంకో పేరు పెట్టి చెప్పకూడదు.”

“ఒట్టండి,” అంది శ్రీసుధ.

ఆ సాయంత్రం దాకా ఆ అమ్మాయి కూజాని తిప్పి తిప్పి బొమ్మ గీసుకుంది. వీరవేణి చేత ఒక పువ్వు మొదట్నుంచి అల్లించి, ఏ గొలుసు కుట్టు తర్వాత ఏది వస్తుందో రాసుకుంది. వెళ్తూ వెళ్తూ పక్కింటి దుర్గాశ్రీ సెల్‌ఫోను నెంబరు తీసుకుంది.

తర్వాత నెలన్నర పాటు ఏ కబురూ లేదు. కోతలైపోయి కుప్పలు పడుతుండగా ఒక పొద్దున దుర్గాశ్రీ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “వేణక్కా, విమానం అమ్మాయి! ఏడుస్తున్నట్టుంది.”

ఏడవడం లేదు గానీ శ్రీసుధ గొంతు బాగా నీరసంగా ఉంది. బొమ్మ విమానం పొట్ట మీద బాగానే కూర్చుందట. తోక దగ్గరే చిక్కంతా. అక్కడ విమానం సన్నబడుతుంది, పైకి లేస్తుంది, పక్కకి వంపు తిరుగుతుంది. కాగితంలో కత్తిరించిన అచ్చు అంటిస్తే ముడతలు పడుతోంది. కంప్యూటరులో సరిచేయించింది. అయినా పువ్వులు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. పది రోజుల్లో విమానం మళ్లీ ఎగరాలి. నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయి.

“మీరొస్తే తప్ప అవ్వదండి, వేణిగారూ. నేనొచ్చి తీసుకెళ్తాను.”

వీరవేణి ఫోను దించి అత్త వైపు చూసింది. పదేళ్లలో ఆ ఇద్దరూ ఒక్క రాత్రి కూడా వేరే కప్పు కింద పడుకోలేదు. పాపాయికి పొద్దున్నే మోకాళ్లకి నూనె రాయాలి. కాఫీలో పంచదార ఎంతో వీరవేణికే తెలుసు. సూదిలో దారం ఎక్కించమని అడగడానికి కూడా ఇంకెవరూ లేరు.

“రాలేనని చెప్పనా అత్తా?”

“ఎందుకు చెప్తావు? నేనేమన్నా చంటిపిల్లనా? దుర్గాశ్రీ ఉంది. వెళ్లు. కూజా కూడా పట్టుకెళ్లు, చూసుకోడానికి ఉంటది.”

“నీళ్లెలా మరి?”

“బిందెలో నీళ్లు గొంతు దిగవా ఏంటి?”

అలా వీరవేణి చంకన కూజా పెట్టుకుని శ్రీసుధ వెంట రైలెక్కింది. హైదరాబాదు విమానాశ్రయంలో ఒక పెద్ద రేకుల షెడ్డులో ఆ విమానం నిలబడి ఉంది. రెక్కలకి చెరో పంకా ఉన్న చిన్న విమానమే, కానీ పక్కకెళ్లి నిలబడితే తాడిచెట్టంత ఎత్తు తోక. ఒళ్లంతా లేత ఊదా రంగు పూశారు. పొట్ట మీద తెల్లటి పువ్వులు, కాడలు, వలలా అల్లుకున్న గొలుసులు. వీరవేణి రోజూ వేలి గోరంత చేసే ముడి అక్కడ అరచెయ్యంత ఉంది. చెంగుతో చెయ్యి తుడుచుకుని విమానాన్ని తాకింది. చల్లగా, నున్నగా, అక్కడక్కడ మేకుల తలలు తగిలాయి.

తోక దగ్గర పరంజా మీద శ్రీసుధ ముడతలు పడ్డ కాగితాలు చూపించింది. కళ్ల కింద నల్లగా ఉంది. “లెక్కంతా సరిపోయిందండీ. అయినా అతకట్లేదు.”

వీరవేణి ముడతలకేసి కాసేపు చూసింది. కూజా మెడ మీద వేలితో రాసింది. అక్కడ అల్లిక ఎలా సన్నబడుతుందో కంటికి తెలియకపోయినా వేలికి తెలుస్తుంది.

“కాగితం మడత పడతదండి. దారం పడదు,” అంది. “తాడుందా? నూలుది, మెత్తగా, చిటికెన వేలంత లావు?”

శ్రీసుధ మనిషిని పంపించి బజారునుంచి తాళ్లు తెప్పించింది. అంత లావు తాటికి సూది ఎక్కడిది? వీరవేణి పరంజా మీద బాసింపట్టు వేసుకుని, వేళ్లనే కొక్కెం చేసుకుని, విమానం తోకకి తొడుగు అల్లడం మొదలుపెట్టింది. అల్లినంతమేరా తోక మీద కప్పి, బిగువు చూసి, వదులుగా ఉంటే విప్పి మళ్లీ అల్లింది. శ్రీసుధ వెనకాలే, రంగు వెయ్యడానికి వీలుగా, సుద్దముక్కతో తాడు అంచులు విమానం మీద గీసుకుంటూ వచ్చింది. రంగులు వేసే పనివాళ్లు మొదటి రోజు వింతగా చూశారు. రెండో రోజు తాళ్ల ఉండలు వాళ్లే విప్పి అందించారు.

రెండో రోజు మధ్యాహ్నం కంపెనీ తరఫున మణిశంకర్ అనే ఆయన వచ్చాడు. ప్రకటనలూ పత్రికల వ్యవహారం చూసేది ఆయన. చాలా బాగుందని మెచ్చుకుని, మెల్లగా శ్రీసుధతో అన్నాడు: “పత్రికలకి ఇచ్చే కాగితంలో కలువపువ్వు అని రాద్దామండి. గుర్రపుడెక్కంటే మరీ… కలుపుమొక్క కదా. ప్రయాణికులు ఏమనుకుంటారు?”

శ్రీసుధ ఏదో చెప్పబోయింది. ఈలోగా పరంజా మీద నుంచి వీరవేణి గొంతు వినిపించింది. బూట్లేసుకున్న మగమనిషికి ఆమె అంతకుముందెప్పుడూ ఎదురు చెప్పలేదు.

“అలాగైతే మా అత్త ఒప్పుకోదండి.”

“ఆవిడ ఇక్కడ లేరు కదమ్మా?”

“లేదండి. నేను ఇంటికెళ్లాలి కదండీ.”

మణిశంకర్‌కి నవ్వొచ్చింది. కలువ మాట మళ్లీ ఎత్తలేదు.

మూడో రోజు వీరవేణికీ చిక్కొచ్చిపడింది. తోక చివరికొచ్చేసరికి విమానం కూజా మెడకంటే గబుక్కున సన్నబడిపోయింది. గొలుసులు తగ్గిస్తే పువ్వు ముడుచుకుపోయి మొగ్గలా కనిపిస్తోంది. తగ్గించకపోతే పొంగుతోంది. మూడుసార్లు విప్పింది. తాడు ఒరుసుకుని వేళ్లు బొబ్బలెక్కాయి. శ్రీసుధ చేత దుర్గాశ్రీకి ఫోను చేయించింది.

“అత్తా, సన్నబడేచోట పువ్వు పట్టట్లేదు. చిన్నది చెయ్యనా?”

అవతల పాపాయి కళ్లు మూసుకుని గాల్లో వేళ్లు ఆడిస్తుంటుందని వీరవేణికి తెలుసు.

“పువ్వు చిన్నది చెయ్యకే పిల్లా. ఆకులు తీసెయ్యి. కాడకి ఆ పక్కొకటి ఈ పక్కొకటి ఆకు వేస్తున్నావు కదా? ఒకటి చాలు. చివరికొచ్చేసరికి అదీ వద్దు. పువ్వు పువ్వంతే ఉండాలి.”

“ఆఁ,” అంది వీరవేణి. అంత సులువైన సంగతి తనకు తట్టనందుకు సిగ్గేసింది. “నూనె రాసుకుంటున్నావా?”

“దుర్గాశ్రీ రాస్తంది. దాని చెయ్యి గరుకు. నువ్వు తిన్నావా?”

“తిన్నానత్తా.”

“ఏం తిన్నావు?”

ఏం తిన్నదో అంతా చెప్పేదాకా పాపాయి ఫోను పెట్టలేదు. శ్రీసుధ ఆ మాటలన్నీ వింటూ సుద్దముక్క పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆ సాయంత్రానికి తోక కుదిరింది. ఆకులు ఒక్కొక్కటే తగ్గుతూ, పువ్వులు మాత్రం అంతే నిండుగా తోక కొస దాకా పాకాయి. అన్నిటికీ పైన, విమానాన్ని మలపడానికి అటూ ఇటూ తిరిగే చుక్కాని రేకు మీద ఒక్కటే పువ్వు వేశారు. దాని మీద రంగు మందంగా పడకూడదని, బరువు పెరిగితే విమానం నడిపేవాడికి ఇబ్బందని ఇంజినీరు పక్కనే నిలబడి ఒక్క పూత వేయించాడు. ఆ పువ్వు పైరేకులో శ్రీసుధ తన చేత్తో నీలం మచ్చ పెట్టి, మధ్యలో పసుపు చుక్క దిద్దింది.

చివరి రోజు శ్రీసుధ సన్నటి కుంచె తెచ్చి వీరవేణి చేతికిచ్చింది. “బొమ్మ వేసినవాళ్లు పేరు రాసుకుంటారండి. నాది తోక కింద రాశాను. తలుపు కింద మీ పేరు రాయండి.”

వీరవేణి అయిదో తరగతి దాకా చదివింది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. ‘పాపాయి.’

రాజమండ్రికి ఆ విమానం మొదటిసారి వచ్చింది మాఘమాసంలో. కంపెనీవాళ్లు ఇద్దరికీ టిక్కెట్లు పంపారు. రాజమండ్రిలో ఎక్కి హైదరాబాదు వెళ్లి, మర్నాడు రైల్లో తిరిగి రావచ్చు. ఇంటికి కారు కూడా పంపారు. పాపాయి పట్టుచీర కట్టింది. కారులో ముందు సీట్లో కూర్చుని, సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన మీద గోదావరికి దణ్ణం పెట్టి, కడియం దగ్గర రోడ్డుకి రెండు పక్కలా పూలమొక్కలు చూసి, ఒక్కచోట కూడా గుర్రపుడెక్క పెంచట్లేదేమని డ్రైవర్‌ని అడిగింది.

రాజమండ్రి పక్కన మధురపూడి విమానాశ్రయం అప్పటికి చిన్న బస్టాండంత ఉండేది. శ్రీసుధ ఎదురొచ్చి వాళ్లను కంచె దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ పదిహేనుమంది దాకా జనం చేరారు. ఆకాశంలో ముందు ఒక చప్పుడు, తర్వాత ఒక చుక్క. ఆ చుక్క దిగి, పరుగెత్తి, మలుపు తిరిగి, ఎండలో మెల్లగా కంచె వైపు వచ్చింది.

పాపాయి రెండు చేతులతో కంచె ఊచలు పట్టుకుంది. వీరవేణి పక్కకి తిరిగి చూస్తే ఆవిడ పెదాలు కదులుతున్నాయి.

“ఏంటత్తా?”

“ఉండవే. లెక్కపెట్టుకుంటున్నాను.” కాసేపాగి అంది: “పన్నెండు గొలుసులు, ఒక ముడి. పన్నెండు గొలుసులు, ఒక ముడి. అన్నీ కనపడుతున్నాయే వేణీ!”

ఎనిమిదేళ్లుగా ఆవిడ తన అల్లికను వేళ్లతో తడిమి చూసుకోవడమే గానీ కంటితో చూడలేదు. దగ్గరిది ఆవిడకి మసక. ఇది ఇంటంతుంది, దూరంగా ఉంది, ఎండలో ఉంది. రేకు రేకూ, ముడి ముడీ ఆవిడకి కనిపించింది. కన్నీళ్లు బొటబొటా కారుతుంటే తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆ కాసేపు చూపు తప్పుతుందని కాబోలు.

“బాగుందా అండి?” అంది శ్రీసుధ భయంభయంగా.

“తోక దగ్గర ఆకులు సరిగ్గా తీశారు,” అంది పాపాయి. తర్వాత ఆ పిల్ల చెయ్యి వెతికి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

“తలుపు కింద చూడత్తా, అక్షరాలున్నాయి. అది నీ పేరు.”

పాపాయికి చదువు రాదు. ఆ మూడక్షరాలకేసి చూసింది. “నా ఒక్కదాని పేరేనా? నీ పేరేదీ?”

“పువ్వు నీది కదా.”

“అల్లింది నువ్వు కదే. వేళ్లు బొబ్బలెక్కించుకుని వచ్చావు. ఇదేం బుద్ధి? అమ్మాయిగారూ, దీని పేరు కూడా రాయించాలి. లేకపోతే నాది చెరిపించెయ్యండి.”

“రాయిస్తానండి,” అంది శ్రీసుధ నవ్వుతూ. “ఈసారి విమానం షెడ్డుకి వచ్చినప్పుడు నేనే రాస్తాను.”

ఇంతలో ప్రయాణికులను పిలిచారు. వీరవేణి సంచీ భుజానేసుకుంది. పాపాయి కదల్లేదు.

“ఎక్కుదాం రా అత్తా.”

“లోపలికెక్కితే బొమ్మ కనపడుతుందా?”

వీరవేణి ఆ సంగతి ఆలోచించనే లేదు. శ్రీసుధ వైపు చూసింది.

“కనపడదండి,” అంది శ్రీసుధ. “లోపల మామూలు సీట్లే.”

“మరెందుకు ఎక్కడం? ఇది పైకి లేచేటప్పుడు ఎలా ఉంటదో నేను చూడాలి. నువ్వెళ్లు.”

“నిన్నొదిలేసి నేనొక్కదాన్నీ ఎలా వెళ్తాను?”

“మొన్న వెళ్లలేదా? ఒకళ్లు లోపల, ఒకళ్లు బయట ఉంటే రెండూ తెలుస్తాయి. నువ్వు లోపలిది చూసిరా. నేను బయటిది చూస్తాను. అమ్మాయిగారు నన్ను కారెక్కిస్తారులే.”

ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఊళ్లో లేరు. వీరవేణి ఒక్కతే నడిచి వెళ్లింది. మెట్లెక్కుతూ తలుపు కింద తాను రాసిన అక్షరాలను వేలితో ఒకసారి తాకింది. కిటికీ పక్కన కూర్చుని, బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక పక్కాయన్ని అడిగి పెట్టించుకుంది. పంకాలు తిరగడం మొదలయ్యాక కిటికీ అద్దానికి నుదురు ఆనించి కంచె వైపు చూసింది. ఆకుపచ్చ పట్టుచీర ఒకటి గడ్డి పక్కన కనిపించింది. ఆ చీర చెయ్యెత్తింది. తాను కనిపించనని తెలిసినా వీరవేణి కూడా చెయ్యెత్తింది. నేల జారిపోయింది. చీర వేపాకంతై, చుక్కై, పొలాల పచ్చదనంలో కలిసిపోయింది. వీరవేణికి ఏడుపొచ్చింది. పక్కాయన భయం వల్ల అనుకుని, “కాసేపేనమ్మా, అలవాటైపోతుంది,” అని ధైర్యం చెప్పాడు.

మూడోనాడు పొద్దున రైలు దిగి ఇంటికొచ్చేసరికి పాపాయి అరుగు మీద కూర్చుని ఉంది. ఎప్పట్నుంచి కూర్చుందో, పక్కన గ్లాసులో కాఫీ చల్లారిపోయి తొరక కట్టింది.

“చెప్పు,” అంది.

“ముందు నువ్వు చెప్పు.”

పాపాయి చెప్పింది. విమానం పరుగెత్తేటప్పుడు పువ్వులన్నీ కలిసిపోయి తెల్లటి చారల్లా అయ్యాయట. పైకి లేచి పక్కకి ఒరిగినప్పుడు మళ్లీ విడివిడిగా కనిపించాయట. ఎండ పడి తోక మీద పసుపు చుక్క తళుక్కుమందట. పక్కనున్న ఒకాయన అది ఏం పువ్వని అడిగితే గుర్రపుడెక్కని చెప్పిందట. ఆయన నమ్మలేదట. “మీ ఇంటికెళ్లే దారిలో కాలవ లేదా, ఆగి చూసుకో బాబూ అన్నాను.”

“తర్వాత?”

“తర్వాతేముంది, మబ్బులో దూరింది. అప్పుడు మాత్రం…” పాపాయి ఆగింది. “అప్పుడు మాత్రం దిగమని పిలుద్దామనిపించింది నిన్ను. సరే, నువ్వు చెప్పు. పైనుంచి గోదావరి ఎలా ఉంది?”

“చాలా వెడల్పు అత్తా. ఇసక ఎక్కువ, నీళ్లు తక్కువ. రైలు వంతెన పుల్లలా ఉంది.”

“మనూరు కనపడిందా?”

“లేదు. అటు కాదంట, ఇంకో వైపు వెళ్తుందంట.”

“పొలాలు? అల్లికలా ఉంటాయంది కదా ఆ అమ్మాయి?”

వీరవేణి ఆలోచించింది. అత్తకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. “ఏమో అత్తా, నాకు పొలాల్లాగే కనిపించాయి. కొన్నిచోట్ల బురదగా ఉంది. మినుము చేలు కాబోలు, పచ్చగా ఉన్నాయి.”

“పోన్లే. బిస్కట్లు పెట్టారా?”

“పెట్టారు. నీకు దాచి తెచ్చాను.”

శ్రీసుధ మాట నిలబెట్టుకుంది. ఆ వేసవిలో పాపాయి పేరు పక్కనే వీరవేణి పేరు కూడా రాసి, ఫోటో తీసి పోస్టులో పంపింది. ఆ విమానం రెండేళ్లు తిరిగింది. దాన్నెక్కి వచ్చినవాళ్లెవరైనా నరసాపురంలో ఉన్నారని తెలిస్తే పాపాయి కబురంపి పిలిపించి మరీ అడిగేది. తర్వాత కంపెనీ చేతులు మారింది. విమానాన్ని అమ్మేశారు. కొన్నవాళ్లు తెల్లరంగు వేయించుకుంటున్నారని శ్రీసుధ ఫోను చేసి వీరవేణికి చెప్పింది. చెప్తూ చెప్తూ మాట ఆపేసింది.

“ఏమైందే?” అంది పాపాయి.

వీరవేణి విషయం చెప్పింది. “ఏడుస్తోందత్తా.”

“ఇలా ఇయ్యి ఫోను.” పాపాయి ఫోను చెవికి తలకిందులుగా పెట్టుకుంటే వీరవేణి సరిచేసింది. “అమ్మా, శ్రీసుధా. తెల్లరంగు పైన పూస్తారా, మనది గీకేసి పూస్తారా?”

“గీకేస్తారండి. బరువు ఎక్కువవుతుందని.”

“ఓహో.” పాపాయి కాసేపు కాలవకేసి చూసింది. ఆమె మొహంలో బాధ వీరవేణికి కనిపించింది. గొంతులో మాత్రం దాన్ని రానివ్వలేదు. “బరువైతే గీకాలి మరి. జనం ఎక్కేది కదా. నువ్వేం తిన్నావు పొద్దున్నుంచీ?”

అవతల్నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వచ్చింది.

“తినలేదన్నమాట. ఆదివారం బండెక్కి రా. తేగలు కాల్చి పెడతాం. నాలుగు రోజులుండు. మా వేణి కొత్తగా ఏదో అల్లుతోంది. నాకు కనపట్టం లేదు. నువ్వొచ్చి పెద్దగా గీసి చూపిస్తే గానీ బాగుందో లేదో చెప్పలేను.”

శ్రీసుధ ఏదో అంది. పాపాయి నవ్వి, “ఆయ్, ఉంటాం, ఎక్కడికి పోతాం,” అని ఫోను కోడలి చేతిలో పెట్టింది.

“ఏమందత్తా?”

“శనివారమే వస్తానంది. తేగలు పాతరలోంచి తియ్యాలి. తవ్వడానికి గంగరాజుని పిలు.”